క్లాసు బొమ్మ

“చొక్కా విప్పు” అన్నారు ప్రొఫెసరుగారు.

ఎవరితో అన్నారో ఎవరూ అడగలేదు. క్లాసులో బల్లమీద పడుకునేది ఎప్పుడూ ఒక్కడే. వాడికి పేరుంది గానీ అందరికీ వాడు బొమ్మే. వేరే ఎవరి పిల్లాణ్ణి పడుకోబెట్టినా ఇంట్లోవాళ్లు గొడవకొస్తారు. కోటా సీటులో వచ్చిన మూటలు మోసేవాళ్ల పిల్లాడి కోసం ఎవరొస్తారు?

బొమ్మకి ఒళ్లు మండిపోయేది. కానీ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. “ఎదురు చెప్పకు నాయనా, ముందు డాక్టరువై బయటపడు” అనేది ఇంటి దగ్గర అమ్మ. పళ్లు బిగించి పడుకున్నాడు.

ప్రొఫెసరుగారు అల్లంత దూరాన నిలబడి బెత్తంతో చూపిస్తారు. ఏడాదిగా ఒక్కసారైనా వాడిమీద చెయ్యి వేసిన పాపాన పోలేదు.

పిల్లలు వరుసగా వచ్చి పొట్ట నొక్కి చూశారు. కళ్లద్దాల అమ్మాయి చెయ్యి ఎడమ పక్కటెముకల కింద ఆగింది.

“సార్, ఇక్కడేదో గట్టిగా తగులుతోంది.”

“కండమ్మా అది” అన్నారాయన ఉన్నచోటి నుంచి కదలకుండానే. “మోతలు మోసే జాతి కదా, వాళ్ల ఒళ్లే అంత. మామూలే.”

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి తలూపి తప్పుకుంది. తర్వాత వచ్చినవాళ్లు కూడా అక్కడే నొక్కి, “మామూలే” అనుకుంటూ వెళ్లారు. బొమ్మ సిగ్గుతో చచ్చిపోయాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఈమధ్య అది మరీ వదులైపోయింది. హాస్టల్ తిండి, పరీక్షల బెంగ.

పరీక్షరోజు రానే వచ్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన డాక్టరమ్మ రోగి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. మచ్చుకైనా నవ్వు లేని ముఖం.

“ఈ పెద్దాయన మూటలు మోస్తాడు. పొట్ట చూసి చెప్పు.”

బొమ్మ మంచం దగ్గరికి వెళ్లాడు. ఇక్కడ తప్పాడంటే మళ్లీ ఆ మూటల కిందకే. వేళ్లు ఎడమవైపు పెట్టాడు. గట్టిగా, అంచు తేలి తగిలింది. హమ్మయ్య అనుకున్నాడు. స్నానం చేసేటప్పుడు రోజూ తన చేతికి తగిలేదే ఇది.

“కండ మేడం. మోతలు మోసేవాళ్లకి మామూలే.”

ఆవిడ కలం పక్కన పెట్టింది.

“పొద్దుట్నుంచి మీ క్లాసు క్లాసంతా ఇదే మాట. ఎవరి పొట్ట చూసి నేర్చుకున్నారు?”

బొమ్మకి మొదటిసారి కాస్త గర్వంగా అనిపించింది.

“నాదే మేడం.”

“ఇది కండ కాదు బాబూ, రక్త క్యాన్సరుతో వాచిన ప్లీహం” అంటూ ఆవిడ గబుక్కున లేచి బొమ్మ దగ్గరికొచ్చింది. “చొక్కా విప్పు.”