రెండు వేళ్ల కొలత

ఉలి మళ్లీ ఎగిరిపడింది. పనస దుంగ అంచు పెళ్లున లేచిపోయింది.

వర్సిని దుంగను తిప్పే లేత్ ఆపి తల పట్టుకుంది. తండ్రి పోయిన నాటి నుంచి ఇదే వరస. ఎంత సాన పట్టినా ఆయన గాడి ఉలి ఆమె మాట వినడం లేదు.

ఆయన లేత్ మీద తీసిన డోలంటే బ్లితార్ ఊళ్లో కళ్లకద్దుకునేవారు. రేపటికి ఆయన పోయి వెయ్యో రోజు. ప్రార్థన, భోజనాలు అయ్యాక లేత్ అమ్మేద్దామని బాబాయి తేల్చేశాడు. ఈ ఒక్క డోలూ సరిగ్గా వస్తే తప్ప బాబాయి నోరు మూయించడం ఆమె వల్ల కాదు.

తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. సాన చక్రం ముందు ఉలిని బిగించే జిగ్‌లోంచి మొన ఎంత బయటికి రావాలో నాన్న స్కేలుతో కొలవలేదు. తన రెండు వేళ్లు అడ్డంపెట్టి బిగించేవాడు. ఆ వేళ్లు ఆయనతోనే మట్టిలో కలిసిపోయాయి. ఇంకెవరి వేళ్లు పెట్టినా మొన వాలు తేడా వస్తోంది.

సందె చీకట్లు పడుతున్నాయి. బల్ల మీద నాన్న కోసం టీ గ్లాసు పెట్టి ఉంది. ఈ సాయంత్రం ఆయన వస్తాడని, టీ వాసన పీల్చుకుని వెళ్తాడని, పలకరించవద్దని, ఎవరినీ వెంట తీసుకుపోకుండా గడపలో ఉప్పు చల్లమని అమ్మ మరీ మరీ చెప్పింది.

ఉప్పు తీసుకుని వచ్చేసరికి సాన చక్రం దగ్గర ఒక మనిషి ఉన్నాడు.

పెళ్లి ఫొటోలో నాన్న ఎలా ఉన్నాడో అచ్చం అలాగే ఉన్నాడు.

అతను ఉలిని జిగ్‌లో దోపి, రెండు వేళ్లు అడ్డంపెట్టి బిగించాడు. వాలుకు నల్ల సిరా పూసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాడు. సిరా ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా చెరిగింది, వాలు సరిగ్గా కుదిరింది. అప్పుడు మీట నొక్కి సాన పట్టాడు.



"కొలత తప్పింది చెల్లీ. అందుకే ఎగురుతోంది." గొంతు కూడా నాన్నదే. ఇంటి లోపలికి చూస్తూ, "అమ్మ ఉందా?" అన్నాడు.

అమ్మను తీసుకుపోవడానికే వచ్చాడు. పలకరించకూడదన్న సంగతే వర్సిని మరిచిపోయింది.

"అమ్మ నీతో రాదు. నీకిక్కడ ఎవరూ లేరు. వచ్చిన దారినే వెళ్లిపో."

గుప్పెడు ఉప్పు గడప మీద చల్లింది.

అతను ఆ ఉప్పు వంక చూశాడు.

"సరేలే. అమ్మ జాగ్రత్త."

ఉలిని తుడిచి బల్ల మీద పెట్టి, తల వంచుకుని మసక చీకట్లోకి నడిచిపోయాడు.

పూర్తిగా చీకటిపడేదాకా ఆమె గడప దగ్గరే కాపలా ఉంది. అప్పుడు లేత్ తిప్పింది. ఉలి వెన్నలోకి దిగినట్టు దిగింది. చెక్క పొర పొడవాటి చుట్టలుగా ఊడిపడింది. లేత్ ఇక ఇల్లు దాటదు.

ఆమెకు ఏడుపొచ్చింది. అమ్మను పిలిచి, నాన్న వచ్చాడని, తానే పొమ్మన్నానని చెప్పింది.

అమ్మ తల ఊపుతూ బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. టీ గ్లాసు ఎత్తి చూసింది. అడుగున ఆకు తప్ప చుక్క లేదు.

"పోయినవాళ్లు వాసనే చూస్తారే. తాగరు." అమ్మ గ్లాసు దించేసింది. "ఎటు వెళ్లాడు?"

"బస్సు రోడ్డు వైపు."

ఈ ఇంట్లో ఉంటే బతకడని పెద్దలు చెబితే, పాలు మానకముందే సముద్రం అవతలి లేత్ పనివాళ్లకు పెంచుకోమని ఇచ్చేసిన, వర్సినికి ఏనాడూ చెప్పని పెద్దకొడుకును పేరు పెట్టి పిలుస్తూ, ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయిన ఆ రోడ్డు మీదికి అమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తింది.