కింది ఇంటి చప్పుడు

టంగ్, టంగ్, టంగ్.

వేడినీళ్ళ గొట్టం మోగింది. ఇరెక్ దుప్పటి ముసుగులోనే తిట్టుకున్నాడు.

చలికాలమంతా ఇదే వరస. కింది ఇంట్లో గెరార్డ్ అనే ముసలాయన ఒంటరిగా ఉంటాడు. గదుల్ని వెచ్చబెట్టే ఆ గొట్టాన్ని కిందినుంచి దేనితోనో బాదుతుంటాడు. నిన్నటి గిటారు గోలకి ఇవాళ తనని పడుకోనివ్వకుండా కక్ష తీర్చుకుంటున్నాడని ఇరెక్ నమ్మకం.

పోలండ్‌లోని ఆ కటోవిత్సె నగరంలో ఇరెక్ పేరు తెలియని కుర్రకారు లేదు. అతని పాటల చరణాలు ఆడపిల్లలు మెట్ల గోడల మీద సుద్దతో రాసిపోయేవారు. చలికాలం మొదలవుతుండగా, కిక్కిరిసిన హాల్లో, పాట మధ్యలో గిటారు కింద పెట్టి వేదిక దిగి వచ్చేశాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడు. అంతమంది తన పేరు అరుస్తుంటే, వాళ్ళు పిలుస్తున్నది ఇంకెవరినో అనిపించింది.

అప్పట్నుంచి ఇల్లు కదల్లేదు. టెలిఫోన్ తీగ పీకేశాడు. బృందంలోవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి తలుపు తట్టారు. తర్వాత వాళ్ళూ మానేసి, కొత్త గాయకుణ్ణి వెతుక్కున్నారు.

టంగ్, టంగ్.

ఇక ఉండబట్టలేక లేచాడు. గొట్టం పక్కనే ఉన్న స్పీకర్ స్విచ్ నొక్కి, కసిదీరా గిటారు వాయించాడు. కింద చప్పుడు ఆగిపోయింది. ముసలాడి నోరు మూయించానని సంబరపడ్డాడు. ఆ కసిలో కొత్త బాణీ ఒకటి వేళ్ళకి తగిలింది కూడా.

ఒకరోజు లేవబుద్ధి కాలేదు. ఆ రోజనే కాదు, ఇక ఎప్పటికీ. కానీ చప్పుడు ఎంతకీ ఆగదే. కాళ్ళకి చెప్పులైనా లేకుండా కిందికి దిగాడు. తలుపు ఓరగా తీసే ఉంది.

"ఏం కావాలయ్యా నీకు? నా మానాన నన్ను వదిలెయ్యవా?"

గెరార్డ్ అతని పెదవులకేసి చూసి నవ్వాడు.

"ఏమైనా తిన్నావా బాబూ?"

వెక్కిరిస్తున్నాడనుకుని ఇరెక్ విసురుగా వెనక్కి తిరిగాడు. పైకొచ్చి చెవులు చిల్లులు పడేలా వాయించాడు.

మంచు కరిగే రోజుల్లో చప్పుడు ఆగిపోయింది. మొదట హాయిగానే ఉంది. తర్వాత్తర్వాత పొద్దున్నే కళ్ళు తెరిచి, గొట్టంకేసి చూస్తూ పడుకునేవాడు. గిటారు ముట్టుకోలేదు. తనతో పోట్లాడేవాళ్ళు కూడా లేరిక. చివరికి తనే కిందికి వెళ్ళాడు.

నల్లబట్టల్లో ఉన్న ఒకావిడ తలుపు తీసింది. ముసలాయన కూతురు ఉర్షులా. నాన్న పోయాడని, సామాను సర్దడానికి వచ్చానని చెప్పింది.

ఇరెక్ తల దించుకున్నాడు.

"నా గిటారుతో ఆయన్ని చాలా విసిగించాను. ఏమీ అనుకోకండి."

"నాన్నకి చెవులెక్కడివి? ఎప్పుడో ఉక్కు ఫ్యాక్టరీలోనే పోయాయి."

"మరి ఆ గొట్టం..."

ఆవిడ గొట్టం పక్కనున్న కుర్చీ చూపించింది. "గొట్టం మీద చెయ్యి ఆనించుకుని కూర్చునేవాడు. మీరు వాయిస్తే అదురుతుంది కదా. అదరని రోజున కొట్టేవాడు, మళ్ళీ అదిరేదాకా."

ఇరెక్ ఆ గొట్టం మీద చెయ్యి ఆనించాడు.

ఉర్షులా పైకప్పుకేసి ఒకసారి చూసి, చాలా నెమ్మదిగా అంది: "మీకు ముందు ఆ ఇంట్లో ఉన్నది మా తమ్ముడు. చివరి రోజుల్లో వాడు బయటికి రాకపోతే, పడుకున్నాడులే అనుకుని మేమెవరమూ తలుపు కొట్టలేదు."