పిలిస్తే పలకని పిల్ల

బుడ్డి మంచం కిందికి దూరి అరగంటయింది. గోడగడియారం తొమ్మిదికి పావు తక్కువ చూపిస్తోంది. తొమ్మిదికి బెల్లు.

"రావే బయటికి! మొన్నీమధ్య బళ్లో వేసినప్పట్నుంచీ ఒక్క రోజు ఆలస్యం లేదు, ఇవాళేమొచ్చింది మాయరోగం?" అంది అమ్మ, దువ్వెన పట్టుకుని నేలమీద చతికిలబడి.

మంచం కింద పళ్లు టకటకలాడాయి.

"జొరమా?"

"కాదు. భయం."

అమ్మ గడియారం వంక చూసింది. ఆవిడ బట్టలు కుడుతుంది. సాయంత్రానికి పది జతల యూనిఫారాలు ఇవ్వాలి. అదలా ఉంచితే, ఈ బళ్లో సీటు రెండేళ్లు తిరిగితే దొరికింది. పదిహేను రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇవాళ భయమని మానిన పిల్ల రేపు వెళ్తుందని ఏమిటి నమ్మకం?

"ఎవరన్నా కొట్టారా?"

"లేదు. మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. లేదు."

"ఉందా, లేదా?"

"పేరుంది. అమ్మాయి లేదు."

అమ్మ దువ్వెన కింద పెట్టింది.

"టీచరమ్మ రోజూ ఆ పేరు పిలుస్తుంది. ఎవరూ పలకరు. మళ్లీ గట్టిగా పిలుస్తుంది. అప్పుడూ పలకరు. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. వెనకెవరూ ఉండరు. పన్నెండు రోజుల్నించీ అంతే."

"ఏ ఊరో వెళ్లుంటారే పిచ్చిదానా."

"కాదు. అది దెయ్యంపిల్ల. బాబాయ్ చెప్పాడు."

అమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని బాబాయి ఇకిలిస్తున్నాడు. ఆయన చదివింది అయిదో తరగతి, అదీ రెండుసార్లు. కోతిచేష్టల్లో మాత్రం పెద్ద చదువే చదివాడు. పుట్టినప్పుడు పిల్ల సోడాబుడ్డంత ఉందని 'బుడ్డి' అన్నదీ ఆయనే. ఇంటిల్లిపాదీ, వీధివీధంతా, ఆఖరికి పాలవాడు కూడా అదే ఖాయం చేసేశారు.

"ఏదో సరదాకి అన్నాలే వదినా."

"నీ సరదా సంతకెళ్ల! పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. ఏం చెప్పావు దానికి?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. మంచం కింద నుంచే జవాబొచ్చింది.

"పిలిస్తే పలకని పిల్ల కంటికి కనపడదంట. నా బెంచీలోనే, నన్నానుకునే కూచుంటదంట. ఆ పేరు నోటితో అన్నామా, మనింటికే వచ్చేస్తదంట!"

"ఇంతకీ ఆ పేరేమిటే?"

"చెప్పను! చెప్తే వచ్చేస్తది!"

"పోనీ, నా చెవిలో చెప్పు."

"చెవిలో చెప్తే చెవిలోకి దూరుతుంది."

బాబాయి కిసుక్కుమన్నాడు. అమ్మ చూసిన చూపుకి నవ్వు టీతో పాటు మింగేశాడు.

"మరి టీచరమ్మ పిలిచినప్పుడు నువ్వేం చేస్తున్నావే?"

"చెవుల్లో వేళ్లు పెట్టేసుకుంటా. రిజిస్టరు మూసేదాకా తియ్యను. మధ్యలో ఒకసారి నా జడ ఎవరో లాగారమ్మా. చూస్తే ఎవరూ లేరు!" బుడ్డి ఇంకా లోపలికి జరిగింది. "నిన్న టీచరమ్మ అంది... రేపు మనిషిని పంపించి ఆ పిల్ల సంగతి తేలుస్తానని. తేలిస్తే అది లేచి వచ్చేస్తదిగా. నేన్రాను!"

"విన్నావా నీ నిర్వాకం?" అంది అమ్మ. "బళ్లో చేర్చి సంతకం పెట్టొచ్చినవాడివి నువ్వేగా. నువ్వే తీసుకెళ్లి కూచోబెట్టు."

బాబాయి మంచం దగ్గర బోర్లా పడుకుని కిందికి తొంగిచూశాడు. చీకట్లో రెండు కళ్లు మిలమిలా మెరిశాయి.

"అదంతా ఉత్తుత్తిదే బుడ్డీ."

"నా నెత్తిమీద ఒట్టేశావుగా!"

"అదీ ఉత్తుత్తి ఒట్టే. ఈ బాబాయి చెప్పినదాంట్లో ఏనాడన్నా నిజముందా?"

"ఇదీ నువ్వే చెప్తున్నావుగా."

బాబాయి లేచి, పక్కన పెట్టిన టీ గ్లాసు మళ్లీ అందుకున్నాడు.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది.

మళ్లీ చప్పుడైంది, ఈసారి గట్టిగా. అమ్మ లేచి గడియ తీసింది. గుమ్మంలో బడి ఆయమ్మ, చేతిలో మడతపెట్టిన చీటీ.

"పన్నెండు రోజులుగా బడికి రాని పిల్ల ఒకత్తి ఉందమ్మా. ఇంకో మూడు రోజులు చూసి పేరు కొట్టేస్తారట. ఎక్కడుందో కనుక్కురమ్మంది టీచరమ్మ. ఇంటి నెంబరు అడుక్కుంటూ వస్తే మీదే."

"మాదా? మా పిల్ల ఒక్క రోజు మానితే ఒట్టు!"

"నాకు చదువు రాదు తల్లీ. పేరు చీటీలో ఉంది, చూసుకోండి."

"వచ్చేసింది!" మంచం కింద నుంచి కెవ్వుమని కేక. "బాబాయ్, తలుపెయ్యి! మనిల్లు కనిపెట్టేసింది!"

"ఇటు తే, ఆ దెయ్యం పేరేమిటో నేనూ చూస్తా" అంటూ బాబాయి నవ్వుతూ చీటీ అందుకున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెదాలు కదిపాడు. సగంలో నవ్వు ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి చదివాడు. మొహాన నెత్తురుచుక్క లేదు. చేతిలో గ్లాసు వంగి టీ చొక్కామీద ఒలికింది.

"ఏమయిందయ్యా?" అంది అమ్మ.

బాబాయి చీటీ తిరగేసి చూశాడు.

"వచ్చేసిందా బాబాయ్?" లోపల బుడ్డి వెక్కుతోంది. "ఇంట్లోకి వచ్చేసిందా?"

"చెప్పవేం? ఎక్కడుందయ్యా ఆ పిల్ల?"

బాబాయి చీటీ మడిచి, తల వంచుకున్నాడు.

"బళ్లో నేను రాయించింది ఈ పేరే. ఆ పేరున్న పిల్ల మంచం కిందే ఉంది, వదినా."