ఈస్టర్ నాడూ ఉపవాసమే

“ఆగు బాబూ, ఆగు! ఇది లేడీస్‌ది.”

ప్రేమానందం గారు కుర్చీలోంచి లేవకుండానే కాలు అడ్డం పెట్టారు. ఎదురుగా రోమా సైనికుడు నిలబడి ఉన్నాడు. నెత్తిన అట్టతో చేసిన శిరస్త్రాణం, భుజాన ఎర్ర దుప్పటి, చేతిలో అట్ట బల్లెం, మూతి మీద దట్టమైన మీసం.

“అంకుల్, నేను ఫెబీ!” అన్నాడు సైనికుడు.

“ఏ ఫెబీ?”

“మోజెస్ గారి డాటర్. మా డాడీ ఎవ్రీ సండే మీ కార్ పక్కనే పార్క్ చేస్తాడు కదా!”

“మోజెస్ గారి అమ్మాయికి మీసాల్లేవు.”

“అది కాటుక అంకుల్! డ్రామా కోసం. ప్లీజ్, నాకు అర్జెంట్. నెక్స్ట్ సమాధి సీన్. నేను అక్కడ కాపలా ఉండాలి.”

“నేనూ ఇక్కడ కాపలాయేనమ్మా,” అన్నారు ప్రేమానందం గారు.

ప్లేనోలో ఆ తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఆదివారాలు ఒక పబ్లిక్ స్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుంటారు. పబ్లిక్ బిల్డింగుల్లో పుట్టినప్పటి సర్టిఫికెట్‌లో ఆడో మగో ఏముంటే ఆ బాత్రూంకే వెళ్ళాలని టెక్సాస్‌లో చట్టం వచ్చాక, స్కూలువాళ్ళు తలుపు మీద ఒక నోటీసు అంటించి ఊరుకున్నారు. ప్రేమానందం గారు ఊరుకోలేదు. పార్కింగ్ డ్యూటీకని కొన్న పసుపుపచ్చ వెస్ట్ తొడుక్కుని, జనవరి నుంచి ప్రతి ఆదివారం ఆ తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటున్నారు. పాస్టర్ గారు వద్దనలేదు. అలాగని చెయ్యమనీ అనలేదు.

“తప్పు జరిగితే స్కూలుకి ఫైన్ పడుతుందమ్మా. వాళ్ళు మనల్ని ఖాళీ చేయమంటారు. అప్పుడు ఎండలో, పార్కింగ్ లాట్‌లో కూర్చుని వాక్యం వినాలి. ఏదైనా ఐడీ ఉంటే చూపించు.”

“సోల్జర్ డ్రెస్‌కి పాకెట్స్ ఉండవు అంకుల్!”

ఫెబీ ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతోంది. బల్లెం మీద బరువంతా వేసేసరికి అట్ట కాస్తా వంగిపోయింది. ఆడిటోరియంలోంచి మగ్దలేనే మరియ ఏడుపు వినిపించింది. అంటే ఇంక ఎంతో సేపు లేదు.

అప్పుడే నెత్తిన నిండుగా కొంగు కప్పుకుని, చేతిలో కాటుక డబ్బీతో లూసీ వచ్చింది. డ్రామాకి మేకప్ అంతా ఆమెదే.

“ఇక్కడున్నావా? అక్కడ సమాధికి కాపలా లేదే తల్లీ!”

“అంకుల్ లోపలికి వెళ్ళనివ్వట్లేదు ఆంటీ.”

“అన్నయ్యా, ఆ మీసం నేనే గీశాను. కావాలంటే తుడిచి చూపిస్తాను. కానీ మళ్ళీ గీసే టైం లేదు.”

ప్రేమానందం గారు మీసం వంక చూశారు, లూసీ వంక చూశారు. కాలు వెనక్కి తీశారు. ఫెబీ లోపలికి పరుగెత్తింది.

“మీరు పూచీ అంటే ఇంక కాగితాలెందుకు సిస్టర్! మీరు కూడా తోడు వెళ్ళండి. ఆ మీసం చూసి లోపల ఆడవాళ్ళు జడుసుకుంటారు.”

“నేనిక్కడే ఉంటాలెండి.”

“మిమ్మల్ని ఎవరాపుతారు? ఆ కొంగు, ఆ పద్ధతి చూస్తేనే తెలిసిపోతుంది. నాది ఒక్క చూపు సిస్టర్. ఇంతవరకూ పొరపాటు జరగలేదు.”

“మరి ఇప్పుడు ఫెబీ?”

“అది మీసం చేసిన పొరపాటు.”

ఫెబీ బయటికొచ్చి, “థాంక్యూ ఆంటీ!” అంటూ ఒక్క ఉరుకులో స్టేజి వైపు పోయింది. కాసేపటికి లోపల “ప్రభువు లేచాడు!” అని కేక, వెంటనే చప్పట్లు.

పిల్లని ఏడిపించానేమోనని ప్రేమానందం గారికి కొంచెం అనిపించినట్టుంది. కుర్చీ కింద నుంచి ఫ్లాస్కు తీసి, పేపర్ కప్పులో టీ పోసి లూసీకి ఇచ్చారు. అల్లం వాసన గుప్పుమంది. లూసీ కప్పు అందుకుంది. చేతులు వెచ్చబడేదాకా పట్టుకుని, తాగకుండానే తిరిగి ఇచ్చేసింది.

“ఈస్టర్ నాడూ ఉపవాసమేనా!” ఆయన ఆశ్చర్యపోయారు. “శ్రమకాలం నలభై రోజుల ఉపవాసాలు అయిపోయాయి, మేమంతా పొద్దున్నే ఇడ్లీలు తినేశాం. మీరు మాత్రం జనవరి నుంచి ఇక్కడ గుక్కెడు మంచినీళ్ళు ముట్టలేదు. భక్తంటే లూసీ సిస్టర్‌ని చూసి నేర్చుకోమని పాస్టర్ గారు కూడా అన్నారు. ఇంతకీ దేని గురించి ఈ ఉపవాస ప్రార్థన? చెప్తే నేనూ చేస్తాను.”

“మీ గురించే అన్నయ్యా.”

“నా గురించా!” ప్రేమానందం గారి ముఖం వెలిగిపోయింది.

“మీరు ఆ కుర్చీలోంచి లేవాలని.”

“భలేవారే!” ఆయన పకపకా నవ్వారు. “నేను కూర్చుంటే మీరు మంచినీళ్ళు మానెయ్యడమేంటి సిస్టర్?”

లూసీ తలుపు మీది నోటీసు వంక ఒకసారి చూసింది. జారిన కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

“తాగితే వెళ్ళాలిగా అన్నయ్యా. ఈ చర్చి మొత్తంలో మీ కుర్చీ ఆపుతున్నది నన్నొక్కదాన్నే.”