ఈరయ్య పాడిన ఒక్క పాట

“విన్న! ఇది గూడ విన్న!” అంటూ మృత్యుంజయ సార్ ఇయర్‌ఫోన్ చెవిలోంచి పీకి కౌంటర్ మీద పడేశాడు.

రేవణసిద్ధకు ఒళ్ళు మండిపోయింది. నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. ఎవరికీ తెలియని బ్యాండ్లను వెతికి పట్టుకోవడం అతని పిచ్చి. సిర్గాపూర్ బడిలో పాఠాలు చెప్పే ఈ సారుకూ అదే పిచ్చి. బీదర్‌లో రేకు డబ్బాలు వాయించే కుర్రాళ్ళ పేరు చెబితే విన్నానన్నాడు. అస్సాంలో పడవ మీద కూర్చుని పాడే అక్కాచెల్లెళ్ళంటే, వాళ్ళ పాత పాటలే నయమన్నాడు. ఈ మనిషి నోటివెంట ‘నాకు తెల్వదు’ అన్న మాట ఒక్కసారైనా వినాలని రేవణసిద్ధ ఆరాటం.

“సరే సార్. ఈరయ్య బ్యాండ్ విన్నరా?” అన్నాడు, నోటికొచ్చిన పేరు పట్టుకుని. “మీ సిర్గాపూరోడే. హైద్రాబాద్‌ల బిల్డింగ్ పనికి వోయిండు. నలుగురు కూలోళ్ళు ఇనుప రాడ్లు, తట్టలు వాయించుకుంట బ్యాండ్ కట్టిండ్రు. ఒక్కటే పాట పాడిండ్రు. తెల్లారి ఈరయ్య పదో అంతస్తు మీదికెళ్ళి పడి పాణం ఇడిసిండు.”

ఈరయ్యా లేడు, పాటా లేదు. సారు విన్నానన్న మరుక్షణం బండారం బయటపెడదామని రేవణసిద్ధ కాచుకుని కూర్చున్నాడు.

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “విన్ననయ్యా. ఆ రాడ్ల చప్పుడు ఇంకా చెవులల్ల మోగుతనే ఉంది.”

దొరికావు కదా అనుకుని రేవణసిద్ధ నోరు తెరిచాడు. ఆలోపే, ఫోన్‌కు కొత్త గ్లాసు వేయించుకోవడానికి వచ్చిన నీలాంబిక, “అయ్యో, నేను గూడ విన్న. పాపం, ఎంత మంచి గొంతు!” అని ముక్కు చీదింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇప్పుడు నిజం చెబితే? ముందు అబద్ధమాడింది తనే. ఇన్నాళ్ళూ చెప్పిన బ్యాండ్లన్నీ ఇలాంటివేనంటారు. రేవణసిద్ధ మెల్లగా నోరు మూసుకున్నాడు.

నాలుగు రోజుల్లో ఆ పాట వినని వాడు లేకుండా పోయాడు. చాయ్ బండి యాదయ్య విన్నాడు. సిర్గాపూర్ ఆటో నడిపే బాలకిషన్ విన్నాడు. రెండో చరణం దగ్గర అతనికి ఏడుపు ఆగలేదట. రెండో చరణం ఒకటుందని రేవణసిద్ధకు అప్పుడే తెలిసింది. ఎందుకైనా మంచిదని ఫోన్లో తనే ఒకసారి వెతికి చూసుకున్నాడు. దొరకలేదు. దొరకనందుకు కొంచెం బాధ కూడా పడ్డాడు.

ఐదో రోజు ఆదివారం. సారు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాడు. ఇంతలో భుజాన సంచితో ఒక మనిషి దుకాణంలోకి దూసుకొచ్చాడు. జుట్టు రేగిపోయి ఉంది. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

“బ్యాండ్ల సంగతులు తెలిసిన రేవణసిద్ధవు నువ్వేనా తమ్మీ? జెర ఆ ఈరయ్య పాట వినిపియ్యి.”

రేవణసిద్ధ తన ఫోన్‌ను కౌంటర్ కిందికి జరిపాడు. “అది... నెట్‌లకెళ్ళి తీసేసిండ్రన్నా.”

“నీ ఫోన్ల ఉంటది గదా?”

“మెమరీ కార్డు ఖరాబైంది.”

ఆ మనిషి సారు వైపు తిరిగాడు. “సార్, మీరు మస్తు సార్లు విన్నరట. ఒక్క ముక్క పాడుండ్రి. మీ కాల్మొక్త.”

“నాకు గొంతు బాగలేదు,” అని సారు గబగబా దగ్గాడు.

ఆ మనిషి ఎగిరి రేవణసిద్ధ మణికట్టు పట్టుకున్నాడు. “పరాచికాలా మీకు? ఆడ సిర్గాపూర్‌ల ఈరయ్య పెండ్లాం బొట్టు తుడుసుకొని కూసున్నది. ఎరికేనా?”

ఈరయ్య ఉన్నాడా? నిజంగా ఉన్నాడా? పెళ్ళాం కూడా ఉందా? రేవణసిద్ధ స్టూలు మీద కూలబడ్డాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు.

“అన్నా, తప్పైంది. అంత నేను కల్పించిన. బ్యాండ్ లేదు, పాట లేదు, ఎవ్వరు సచ్చిపోలే. ఈ సారును ఓడగొడ్దామని నోటికొచ్చింది చెప్పిన.”

సారు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “మరి నేను విన్నదేంది?” అని గొణిగి, తలొంచుకున్నాడు.

“ఇప్పుడే వస్త సిర్గాపూర్,” అంటూ రేవణసిద్ధ లేచి షట్టర్ కోసం చెయ్యి చాపాడు. “గా అక్క కాళ్ళ మీద పడి నిజం చెప్త. నువ్వు వాళ్ళకు ఏమైతవన్నా? తమ్మునివా?”

కానీ ఆ మనిషి అతని మాటలు విననే లేదు. ఇందాక మీదికి ఎగిరినవాడు కాస్తా ఉన్నచోటే చతికిలపడి, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పాట లేదా?” అన్నాడు ఏడుపు గొంతుతో. “ఒక్క ముక్క గూడ లేదా?”

“లేదన్నా. ఆ పాటతోని నీకేం పని?”

“ఈరయ్యను నేనే, తమ్మీ. నేను గూడ హైద్రాబాద్‌ల బిల్డింగ్ పనికే వోయిన, ఆడ ఫోన్ పలిగి ఇంటికి మాట్లాడక వారం దినాలైంది. నిన్న ఊరికొస్తె దయ్యమనుకొని మా ఇంటిది తలుపు తీస్తలేదు. ‘నిజంగ నువ్వే అయితె ఆ పాట పాడు’ అని లోపట్నించి ఒకటే ఏడుపు. ఊరంత విన్నరట, నేనొక్కన్నే వినలే!”