వదులు తాడు

"ఆగరా... ఒరేయ్, ఆగరా!"

ఇల్హామ్ అరుపు అన్ఫూషీ సముద్రపు ఒడ్డున టీ తాగుతున్న వాళ్లందరికీ వినబడింది. ఫిల్‌ఫిల్‌కి తప్ప.

పడవలు కనబడితే చాలు, ఆ కుక్కకి పూనకం వస్తుంది. తాడు రెండో చివర ఒక మనిషి ఉందన్న ధ్యాసే ఉండదు.

"దాన్ని పడవకి కట్టేయ్ ఇల్హామ్, మోటారు ఖర్చు తప్పుతుంది!" టీ కొట్టు సబ్రీ నవ్వాడు.

ఆమె తిరిగి ఏదో అనేలోపే కుక్కా మనిషీ కలిసి బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దాయన కాళ్ల మీద పడ్డారు.

ఆయన తిట్టలేదు. పొడుగు జుబ్బాకి అంటిన చొంగ చూసుకున్నాడు.

"అది లాగితే నువ్వెందుకు పరిగెత్తావు తల్లీ?"

"పరిగెత్తానా? ఈడ్చుకుపోతోంది హాజీ! కళ్లు కనబడటం లేదా?"

"లాగితే ఆగిపో. రాయిలా నిలబడు. తాడు వదులైతే ఒక్క అడుగు వెయ్యి. మళ్లీ లాగితే మళ్లీ ఆగు."

"అలాగైతే పడవల దగ్గరికి చేరేసరికి రంజాన్ వస్తుంది."

"రానీ. తొందరేముంది?"

ఆ మాటకి ఇల్హామ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"తొందర నాకుంది హాజీ. వచ్చే గురువారం దీన్ని పోలీస్ స్టేషన్‌కి తీసుకురమ్మన్నారు. మొన్న చేపల బజార్లో ఇది తగిలి ఎవరో పెద్దావిడ పడిపోయింది. ఎవడో ఫిర్యాదు రాసి పడేశాడు. తీసుకుపోయారంటే ఇక ఇది నాకు దక్కదు. మా తమ్ముడి కుక్క ఇది. వాడు పడవలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవలు చూస్తే దీనికి వాడే గుర్తొస్తాడు."

పెద్దాయన చాలాసేపు కుక్క వంకే చూశాడు.

"పడిపోయిన ఆవిడని వెళ్లి చూశావా?"

"నేనా? అమ్మో! భయపడి ఆ రోజే పారిపోయొచ్చాను. వెళితే నా పీక పట్టుకోరూ? ఆవిడ ఈపాటికి లేచి తిరుగుతూనే ఉంటుంది. ఆ రాసినవాడే, పనీపాటా లేని మనిషి!"

ఆయన బెంచీ మీంచి లేచాడు. చెయ్యి చాపాడు.

"తాడు ఇటివ్వు."

ఆ రోజు టీ కొట్టు నుంచి పక్కనున్న దీపస్తంభం దాకా వెళ్లడానికి గంట పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. గంట కాగానే కుళాయి దగ్గర శుభ్రంగా కడుక్కుని, గుడ్డసంచిలోంచి రెండో జుబ్బా తీసి మార్చుకునేవాడు. కుక్క చొంగ అంటిన బట్టతో నమాజు చేయడాయన.

ఇల్హామ్ ఊరుకుంటుందా?

"కుక్క నాకితే బట్టలు మార్చేవాడివి, నీకీ కుక్కల గొడవేంటి హాజీ?"

"మార్చుకుంటే పోతుంది కదమ్మా."

"రోజుకి రెండు జతలు! ఇంట్లో ఆవిడ తిట్టదూ?"

"ఈ మధ్య నేనే ఉతుక్కుంటున్నాను."

శనివారానికి రెండు దీపస్తంభాలు దాటారు. ఇల్హామ్‌కి మాత్రం కాలు ఒక్కచోట నిలవడం లేదు. తాడు వదులు కాకముందే అడుగేసేది. ఫిల్‌ఫిల్ కూడా వెంటనే దూకేది.

"ఇంకా ఐదు రోజులే ఉంది హాజీ! ఇది ఎప్పటికి నేర్చుకుంటుంది?"

"దానికి వచ్చేసింది. నీకే రావాలి."

కోపంతో మొహం ఎర్రబడింది. కానీ ఆ పూట మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది. తాడు వదులయ్యాకే కదిలింది. ఫిల్‌ఫిల్ తలెత్తి ఆమె మొహంలోకి చూసి, పక్కనే నడిచింది.

బుధవారం ఆయన అన్నాడు, "ఇవాళ చేపల బజారుకి వెళదాం."

"అక్కడికా? వద్దు హాజీ, ఎవరైనా గుర్తుపడతారు."

"అక్కడ నడిస్తేనే నడిచినట్టు."

ఎవరి దగ్గరో బుట్ట అడిగి పట్టుకుని, ముసలామెలా మెల్లగా ముందు నడిచాడు. ఆమెని కుక్కతో తన పక్క నుంచి దాటి వెళ్లమన్నాడు. సరిగ్గా అప్పుడే ఎవడో ఓ చేప తల విసిరాడు. ఇల్హామ్ ఊపిరి బిగపట్టి నిలబడింది. ఫిల్‌ఫిల్ చేప తల వంక చూసింది, ఆమె వంక చూసింది. తాడు వదులుగానే ఉంది.

"ఆవిడ పడింది ఎక్కడ?" అన్నాడాయన.

"అదుగో, ఆ ఐసు పెట్టెల పక్కన."

ఆయన అక్కడికి వెళ్లి నేల వంక చూస్తూ నిలబడ్డాడు. "బాగా తడిగా ఉంది," అన్నాడు.

"రేపు నాతో స్టేషన్‌కి రా హాజీ. నీ మాటైతే వింటారు."

"సరే, చెబుతాను," అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గురువారం ఆయన కోసం స్టేషన్ మెట్ల మీద గంటసేపు చూసింది. రాలేదు. ఎంత మనిషైనా చివరికి హ్యాండిచ్చాడు కదా అని గొణుక్కుంటూ లోపలికి నడిచింది.

రైటరు కాగితాలు తిరగేసి తలెత్తాడు.

"నువ్వు వెళ్లొచ్చమ్మా. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు."

"ఎవరు?"

"రాసినాయనే. తెల్లారగానే వచ్చాడు. పాపం, ఆయన పెళ్లానికి తుంటి విరిగింది. ఇక నడవలేదని చెప్పేశారట డాక్టర్లు. ఆస్పత్రి నుంచి అటే వాళ్ల పల్లెకి తీసుకుపోతూ, బండి బయట ఆపి లోపలికొచ్చాడు. ఆ కుక్క ఇంక ఎవర్నీ పడెయ్యదు, నేను చూశాను అని రాసిచ్చాడు."

 లేచి తిరుగుతూ ఉంటుందన్న తన మాటే ఇల్హామ్ చెవుల్లో మోగింది.

"ఆయన... ఆయన ఎప్పుడు చూశాడు?"

"నాకేం తెలుసు? ఇదిగో, కుక్క పడుకునే చోట పరవమని ఇది కూడా ఇచ్చి వెళ్లాడు."

రైటరు బల్ల కిందికి వంగి గుడ్డసంచి పైకి తీయగానే, శనివారం నుంచి ఒక్కసారి కూడా లాగని ఫిల్‌ఫిల్ తాడు తెంచుకునేంత గట్టిగా లాగింది. సంచిలో దాని చొంగ మరకలతో ఓ పొడుగు జుబ్బా మడతపెట్టి ఉంది.