జొన్న ఉన్న రోజులు

ఏటి ఒడ్డున నల్లమట్టిలో ఉండే ఎలుకలన్నీ నల్లనివే. వాటిలో మినుము అనే పిల్ల ఎలుక ఒకనాడు తన అవ్వను అడిగింది.

"అవ్వా, మనవాళ్ళు ఎప్పుడూ ఇంత నలుపేనా?"

"కాదమ్మా. నా చిన్నప్పుడు ఇక్కడంతా తెల్లటి ఇసుక. ఎలుకల్లో చాలామందిది ఇసుక రంగే. నాలా నల్లగా పుట్టినవాళ్ళు కొద్దిమంది. గద్ద ముందు మమ్మల్నే చూసేది. గద్ద నీడ పడితే చాలు, ఇసుక రంగులో ఉండే మా చెల్లెలు జొన్న నా మీద పడుకుని నన్ను దాచేసేది."

"మరి ఇప్పుడు ఇసుక రంగువాళ్ళేరీ?"

"పెద్ద వరదొచ్చి ఇసుక మీద ఈ నల్లమట్టి మేట వేసింది. అప్పట్నుంచి గద్దకు వాళ్ళే కనబడ్డారు. జొన్నను దాచాలని నేనూ పరిగెత్తాను. గద్ద కంటే ముందు అందుకోలేకపోయాను. బతికిన నల్లవాళ్ళకు నల్లపిల్లలే పుట్టుకొచ్చారు."

"అంటే మనం రంగు మార్చుకోలేదా?"

"ఎవరూ మార్చుకోలేదు తల్లీ. మారింది నేల."

"ఏమైనా మనమే గొప్ప!"

"గొప్పేముంది? పరుగులో, గింజలు వెతకడంలో నాకంటే జొన్నే మెరుగు. నేల నాకు కలిసొచ్చింది, అంతే."

అవ్వ ఏటివైపు తిరిగింది. మినుము దగ్గరకు జరిగి ఒదిగి కూర్చుంది.

"అవ్వా, జొన్నవ్వ ఎలా నవ్వేదో చెప్పవా?"